మంచునీటి ముఖస్నానము

మొన్నటి మాఘమాసములో నొకనాటి తెల్లవారుజామున నేను వాకిట కుర్చీ వేసికొని దినపత్రిక కొరకు ఎదురుచూచుచుంటిని. లోపల వంటయింటి వైపునుండి నీరు చిందిన చప్పుడును, ఆ వెంటనే ఎవరో మునిగి తేలినట్లు గట్టిగా ఊపిరి విడిచిన ధ్వనియు వినవచ్చెను. ఏ ప్రమాదము సంభవించెనో యని లేచి లోనికి పోతిని. ఎనిమిదవ తరగతి చదువుచున్న మా మనుమరాలు పెద్ద స్టీలు గిన్నె ముందు వంగి నిలిచియుండెను. మా ఇల్లాలు దోసెల కొరకు మినపపప్పు నానబోయు గిన్నె యది. దానినిండ నీరు, నీటిపై ఫ్రిజ్‌లోనుండి తీసిన మంచుగడ్డలు తేలుచుండెను. బాలిక ముఖము నుండి నీరు ధారలుగా కారుచుండెను. ముక్కుకొన ఎర్రబడియుండెను. కనురెప్పల వెంట్రుకలు ఒకదానికొకటి అంటుకొనిపోయి యుండెను.

“మాఘమాసపు చలిల మంచునీళ్ళేంది బిడ్డా?” అని అడిగితిని.

“ముఖానికి మంచిది తాతా! రోజూ పొద్దున మంచునీళ్ళల్ల ముఖం ముంచితే తెల్లగయితదట, మెరుస్తదట. సినిమావాళ్ళు గూడ ఇట్లనే చేస్తరట. ఫోన్ల చూసిన” అని చెప్పి, ఊపిరి బిగించి, మరల గిన్నెలో ముఖము ముంచెను.

మా ఇల్లు హైదరాబాదు నగరమునకు తూర్పున, ఉప్పలునకును నాచారమునకును చేరువనున్న చిల్కానగరులో నున్నది. ఈ వింత మా ఇంటిలో మాత్రమే జరుగుచున్నదని తలంచితిని. ఆ సాయంకాలము ఇరుగుపొరుగు వారితో ముచ్చటింపగా, మా వరుసలోనే మరి రెండిండ్ల ఆడపిల్లలును, నూనూగు మీసములు వచ్చుచున్న యొక బాలుడును ఇదే వ్రతము పట్టియున్నారని తెలిసినది. పూర్వము మాఘస్నానమునకు పిల్లలను లేపుటకు పెద్దలు బెత్తము పట్టుకొనవలసి వచ్చెడిది. ఇప్పుడు ఫోను చెప్పినంతనే పిల్లలు తామే లేచి మంచునీటిలో మునుగుచున్నారు!

విద్యార్థులారా! ఇట్టి సమయమున పెద్దలు సాధారణముగా చేయు పని గద్దించుట. ముప్పది యేండ్లకు పైగా ఉపాధ్యాయవృత్తిలో నుండుటచే నాకును ఆ విద్యలో మంచి అభ్యాసమే కలదు. నోటివరకు వచ్చిన మాటను ఆపినది ఆ బాలిక చెప్పిన మరియొక మాట. “ఎన్ని దినాలు చేస్తవు?” అని అడుగగా, “వార్షికోత్సవం దాంక” అని ఆమె తల వంచుకొనెను.

సంగతి యిది. వారి పాఠశాలలో వార్షికోత్సవమునకు రాణి రుద్రమ నాటకము వేయుచున్నారు. మా మనుమరాలికి రాణి మాటలన్నియు కంఠస్థములు. మేడపై బట్టలు ఆరవేయు తీగెల నడుమ నిలిచి, వారము దినములుగా ఆమె సామంతులను ధిక్కరించుచుండుట మా వీథివారందరు వినినదే. చివరకు ఆ వేషము మరియొక బాలికకు దక్కినది. ఈమెకు తెరవెనుక నుండి కథ చదువు పని యిచ్చిరి. ఉపాధ్యాయులెవ్వరును కారణము చెప్పలేదు. తోటి విద్యార్థిని యొకతె చెప్పినది: “రాణి నల్లగుంటదా?” అని నవ్వినదట.

కాకతీయ రుద్రమదేవి నల్లనిదో, ఎర్రనిదో ఎవ్వరికి తెలియును? నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరకిన 1289వ సంవత్సరపు శాసనము ఆమె మరణమును తెలుపుచున్నదే గాని ఆమె మేనిచాయను తెలుపదు. వెనీసు యాత్రికుడు మార్కోపోలో ఆ రాజ్యమును గూర్చి వ్రాయుచు, దానినేలిన రాణి న్యాయబుద్ధిని మెచ్చుకొనెను, వజ్రములను మెచ్చుకొనెను, సన్నని వస్త్రములను మెచ్చుకొనెను. ఈ మాటలన్నియు నేను మనుమరాలికి చెప్పితిని. ఆమె వినయముగా వినెను. మరునాటి యుదయము మరల గిన్నె చప్పుడు వినవచ్చెను. చరిత్రపాఠముతో ఊరడిల్లు దుఃఖము కాదది.

అప్పుడు నాకొక ఆలోచన తోచెను. పరీక్షింపని దానిని నిందించుట పండితునికి తగదు; పరీక్షింపని దానిని నమ్ముట విద్యార్థికి తగదు. “నేనుగూడ ముంచుతా. ఇద్దరం నోటుబుక్కుల రాద్దాం” అంటిని. బాలిక మొదట నవ్వెను, తరువాత సంతోషించెను. మా ఇల్లాలు మాత్రము “కందకు లేని దురద కత్తిపీటకెందుకు?” అని దెప్పి, తన గిన్నె తనకు ఏడు గంటలకెల్ల ఖాళీ చేసి యియ్యవలెనని నియమము పెట్టెను.

ఏడు దినములు చేయవలెనని సంకల్పించితిని. రెండు లీటర్ల నీటిలో పది మంచుగడ్డలు వేసి, అవి సగము కరిగిన పిదప, ఇరువది అంకెలు లెక్కించు వరకు ముఖము ముంచి తీయుట మా పద్ధతి. మొదటి మునకలోనే నుదుటి ఎముక పగులునా యనిపించెను. చెంపలలో సూదులు గ్రుచ్చినట్లుండెను. తల పైకెత్తిన పిదప ముఖమంతయు నాది కానట్లు మొద్దుబారి, మరి రెండు నిమిషములకు వెచ్చని మంట యారంభమయ్యెను. అద్దములో చూచుకొంటిని. నిజము చెప్పవలెను గదా! కండ్ల క్రింద ఉదయమున నుండు ఉబ్బు తగ్గియుండెను. అరువది దాటిన చర్మము కొంచెము బిగిసినట్లు కనబడెను. నిద్రమత్తు మాత్రము పూర్తిగా వదలిపోయెను. “ఎట్లుంది తాతా?” యని మనుమరాలు అడుగగా, “పదేండ్లు తగ్గినయి” అంటిని. ఆమె దానినే నోటుబుక్కులో వ్రాసికొనెను. అరగంట తరువాత మరల చూచుకొనగా ఆ పదియేండ్లును తిరిగి వచ్చియుండెను. దానిని నేను వ్రాయించితిని.

మూడవనాడు పరీక్షను మరికొంత బిగించితిమి. మంచునీటిలో తడిపిన గుడ్డను నా యెడమ చెంపకు మాత్రము అద్దుకొంటిని. కుడి చెంపకు కొళాయి నీరు తప్ప మరేమియు తగులనీయలేదు. విషయమేమియు తెలియని మా ఇల్లాలిని పిలిచి, రెండు చెంపలలో భేదమేమైన నున్నదా యని అడిగితిమి. ఐదు నిమిషములప్పుడు “ఎడమ చెంప ఎర్రగున్నది” అనెను. అరగంటకు “ఎడమదే కొంచెం నున్నగున్నట్టున్నది” అనెను. తొమ్మిది గంటలకు అడుగగా, “రెండూ ఒక తీరుగనే ఉన్నయి. ఇద్దరూ కలిసి నన్ను పరాచికమాడుతున్నరా?” యని కోపించెను. నోటుబుక్కులోని పుటలన్నిటిలో ఈ పుటయే నాకు ప్రియమైనది. ఒక చెంప చేసిన పనిని రెండవ చెంపతో పోల్చి చూడకున్నచో, నిద్ర లేచి నిటారుగా తిరుగుటచేతనే సహజముగా తగ్గు ఉబ్బును గూడ మంచునీటి ఖాతాలోనే వ్రాసియుందుము.

నాలుగవనాడు నా పరీక్ష ముగిసినది. రక్తపోటునకు మందు వాడువాడను గనుక నెలకొకసారి వైద్యుని దర్శించుట నాకు వాడుక. ముంచుటకు ముందు 76గా నున్న నా నాడి, ముంచిన వెంటనే 64కు దిగుచుండుటను నేను గొప్ప శాస్త్రవిషయముగా ఆయనకు విన్నవించితిని. ఆయన ముక్కుపైకి జారిన కండ్లద్దములలోనుండి నన్ను చూచి, “మాస్టారూ! మీరు వేసుకునే మాత్రే గుండె వేగాన్ని తగ్గించే మాత్ర. దానికి తోడు ఈ మునకలెందుకు? రేపటినుంచి మానేయండి” అనెను. ప్రధానోపాధ్యాయుడను గద్దించు భాగ్యము ఆయనకు కలిగినది. నేను చేతులు కట్టుకొని వింటిని.

ఇందలి కారణము తెలిసికొనదగినది. ఊపిరి బిగించి ముఖమును చల్లని నీటిలో ముంచగానే, ముఖచర్మములోని నాడి యొకటి మెదడునకు వార్త పంపును. ‘ఈ మనుష్యుడు నీట మునుగుచున్నాడు’ అని శరీరము భావించి, ప్రాణవాయువును పొదుపు చేయుటకై గుండె వేగమును తగ్గించి, చేతులు కాళ్ళలోని రక్తనాళములను బిగించును. సముద్రములో చాలసేపు మునిగియుండు సీలు మొదలగు జంతువులలో ఈ లక్షణము మిక్కిలి బలముగా నుండును. మనలో దాని శేషము కొంత మిగిలియున్నది. గుండె హఠాత్తుగా అతివేగముగా కొట్టుకొను కొన్ని రకముల జబ్బులలో వైద్యులే, తమ పర్యవేక్షణలో, ముఖమునకు మంచు తగిలించి ఆ వేగమును దింపుట కలదు. కావున ఇది ఉత్త గారడీ కాదు. గుండెను కదలింపగల శక్తి యిందున్నది. అందుచేతనే గుండెజబ్బు గలవారును, నావలె మాత్రలు మ్రింగువారును దీనితో ఆటలాడరాదు. చలి తగిలినచో దద్దురులెక్కు శరీరతత్త్వము గలవారును, పార్శ్వపు తలనొప్పి గలవారును దీనికి దూరముగా నుండవలసినదే.

మంచునీరు సాధారణపు చన్నీటికంటె ఎందుకంత తీక్ష్ణమో మీ విజ్ఞానశాస్త్ర పుస్తకమే చెప్పును. ఒక గ్రాము నీటి ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ మార్చుటకు ఒక కేలరీ వేడిమి చాలును. ఒక గ్రాము మంచు కరిగి నీరగుటకు 80 కేలరీలు కావలెను. ఆ వేడిమిని అది మీ చెంపనుండియే లాగుకొనును. గడ్డను చర్మముపై అట్లే ఒత్తిపట్టుకొనినచో, నిప్పు కాల్చినట్లే చలియు కాల్చగలదు. ముఖము ఎర్రబడుటకును ఉబ్బు తగ్గుటకును కారణము రక్తనాళములే. చలికి అవి ముడుచుకొనును. వెచ్చదనము తిరిగి రాగానే విచ్చుకొనును. కొందరు చెప్పునట్లు చర్మరంధ్రములు తలుపులవలె తెరచుకొని మూసికొనుట లేదు. వానిని మూయు కండరములే వానికి లేవు. యౌవనారంభమున ముఖముపై లేచు మొటిమలకు మూలము చర్మములోని నూనెగ్రంథులు ఆ వయస్సులో మిక్కుటముగా పనిచేయుట. బాలబాలికలు పెద్దవారగుచున్నారనుటకు అదియు నొక గుర్తు. దానిని చన్నీరు ఆపజాలదు.

మంచును గూర్చి మరియొక మాట. మా వీథి బాలుడు, ఇంటిలో ఫ్రిజ్ చిన్నది గనుక, చేపల అంగడి నుండి గడ్డమంచు తెచ్చుకొనుచుండెనని తరువాత తెలిసెను. ఆ మంచు చేపలు చెడకుండ నిలువ చేయుటకే గాని మనుష్యుల నోటికిని కండ్లకును తగిలించుటకు కాదు. తినదగిన మంచునుండి దానిని వేరుగా గుర్తించుటకై అందు నీలిరంగు కలుపవలెనని భారత ఆహార భద్రతా సంస్థ 2018లో ఆదేశించినది. రంగు కనబడకున్నను, అది ఏ నీటితో చేసినదో అడిగి తెలిసికొనుట మేలు. ఆ బాలుని తల్లికి ఈ మాట చెప్పి వచ్చితిని. నాలుగు దినములు ఆ బాలుడు నన్ను చూచి నమస్కారము చేయుట మానెను.

చన్నీటిపై మనవారికి నమ్మకము క్రొత్తది కాదు. వేడినీరు మేనికి బలమే గాని తలపై పోసినచో కండ్లకును కేశములకును హానియని వాగ్భటుడు అష్టాంగహృదయములో చెప్పెను. అయ్యప్పదీక్ష వహించినవారు మండలకాలము చన్నీటి స్నానము చేయుదురు. ఐరోపా ఖండములో గ్రాఫెన్‌బర్గు గ్రామపు రైతు ప్రీస్నిట్జు చన్నీటితో రోగములు కుదుర్చునని పేరుపొందెను. బవేరియా దేశపు మతాచార్యుడు నైప్ తన జలచికిత్సా గ్రంథమును 1886లో ప్రకటించెను. లీప్జిగు నగరవాసి లూయీ కూనే గ్రంథము మన తెలుగుభాషలోనికే వచ్చినది. 1894లో వేంకట చలపతి శర్మగారు దానిని అనువదించిరి. హిందీ, ఉర్దూ భాషలలోనికి అది 1904లో గాని పోలేదు. మన దేశమున ప్రకృతి చికిత్సోద్యమము తెలుగు పుస్తకముతో మొదలయ్యెనని చెప్పుకొనుట మనకు ముచ్చటయే. గాంధీమహాత్ముడును కూనే పద్ధతిని నమ్మి, తన కుమారుడు మణిలాలు తీవ్రజ్వరముతో పడియున్నప్పుడు తొట్టిస్నానములు చేయించి, తడిదుప్పటి చుట్టి, భగవంతుని తలంచుచు తిరుగాడిన వృత్తాంతము తన ఆత్మకథలో వ్రాసికొనెను.

రోగములన్నిటికి మూలమొక్కటే యను కూనే సిద్ధాంతమును నేటి వైద్యశాస్త్రము అంగీకరింపదు. ఆ వాదముతో మనకిక్కడ పనిలేదు. నాకు ఆసక్తి కలిగించిన దొకటున్నది. ఈ కూనే ముఖలక్షణములను గూర్చియు నొక గ్రంథము వ్రాసెను. ముఖమును చూచి శరీరములోపలి బాధను కనిపెట్టవచ్చునని ఆయన నమ్మకము. ఆయనకు ముఖము ఒక ఉత్తరము వంటిది, చదువుటకేర్పడినది. నేటి ఫోనులోని అందపు గురువులకు ముఖము ఒక గోడ వంటిది, సున్నము కొట్టుటకేర్పడినది. ఆనాటి జలవైద్యులు తప్పు చెప్పినను, ఎదుటనున్న మనుష్యునికి ఏమి బాధయో యని అడిగిరి. మా మనుమరాలి ముఖమును చూచి ఏమి బాధయని ఆ వీడియో అడుగలేదు. ఆమె ముఖమే బాధయని చెప్పినది.

తెల్లబడుట యను ఆశ యేటిదో ఇప్పుడు చూతము. చర్మమునకు రంగునిచ్చు పదార్థము మెలనిన్. దానిని తయారుచేయు కణములు నల్లనివారిలోను తెల్లనివారిలోను ఇంచుమించు సమానముగానే యుండును. అవి తయారుచేయు రంగు పరిమాణములోను, రకములోను భేదము. ఎండలోని అతినీలలోహిత కిరణములనుండి లోపలి కణములను కాపాడుట దాని పని. మన ఎండలకు అదియే గొడుగు. ఇరువది అంకెల చలికి ఆ కణములు తమ పని మానవు. మా ఇంటినుండి హబ్సిగూడ వైపు పోయిన ఉప్పలు మార్గముననే, 1977లో ఏర్పడిన సీసీఎంబీ యను జీవశాస్త్ర పరిశోధనా కేంద్రము కలదు. 2013లో ఆ కేంద్రపు శాస్త్రజ్ఞులు విదేశ శాస్త్రజ్ఞులతో కలిసి, మేనిచాయకు సంబంధించిన యొక జన్యువును గూర్చి తమ పరిశోధనను ప్రకటించిరి. ఆ జన్యువులో ఒకేయొక అక్షరము మారినచో చాయ కొంత తేలికపడును. ఆ మార్పు ఐరోపావారికిని, మన దేశములోని అనేకులకును ఒకే పూర్వమూలమునుండి సంక్రమించినదని వారు కనుగొనిరి. వేల యేండ్ల క్రిందటి ఏ పూర్వునిలోనో దొరలిన ఒక అక్షరభేదము! దాని కొరకు ఒక బాలిక తన పాత్రను పోగొట్టుకొని, తెల్లవారుజామున మంచునీటిలో ముఖము ముంచుచున్నది.

ఈ ఆశను అమ్ముకొనువారు చాలమంది. 1975లో మన దేశపు అంగళ్ళకు వచ్చిన ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ లేపనము 2020లో ‘గ్లో అండ్ లవ్లీ’ యని పేరు మార్చుకొనినది. తెల్లదనమను మాట పోయి మెరుపను మాట వచ్చినది. కొనువారి మనస్సులో ఏ మాట మిగిలినదో మనకు తెలియనిది కాదు. అంతకంటె అపాయకరమైనవి స్టెరాయిడ్లు కలిసిన లేపనములు. వైద్యుని సలహా లేక నెలల తరబడి పూసినచో అవి చర్మమును పలుచబరచి, ముఖమున మానని ఎరుపును, మొటిమలను తెచ్చును. వానితో పోల్చినచో మంచునీరు ఎంతో సాధువు. ఖర్చు లేదు, మోసము తక్కువ. మా ఇంటి నీరయితే వ్యర్థమైనను కాలేదు. ముంచుట ముగియగనే గిన్నెడు నీటిని కరివేపాకు చెట్టునకు పోయుచుంటిమి. చన్నీటితో ముఖము కడుగుకొను వాడుకను నేనెన్నడు నిందింపను. ఎండలో తిరిగి వచ్చిన వేళ కుండలోని నీరు రెండు దోసిళ్ళు చల్లుకొనిన కలుగు హాయి ఏ అంగడిలోను దొరకదు. నా ఆక్షేపణము నీటిపై కాదు. నీటినుండి మనము కోరుచున్న దానిపై.

ఇంతవరకు ఇతరుల తప్పులు చెప్పితిని. పిల్లలకు బుద్ధులు చెప్పు వ్యాసములలో వ్రాయువాని తప్పు సాధారణముగా కనబడదు. నాకు ఆ మర్యాద వద్దు.

పాత్ర యేల దక్కలేదని మా మనుమరాలు చెప్పిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ ఉపాధ్యాయులపై మొదట కోపము వచ్చినది. తెల్లవారునప్పటికి కోపమునకు బదులు మరియొకటి మనస్సున నిలిచినది. నేను ప్రధానోపాధ్యాయుడనుగా నున్న కాలమున, పాఠశాలకు పరీక్షాధికారులో, మంత్రులో వచ్చునప్పుడు, పూలగుత్తులిచ్చి హారతి పట్టుటకు బాలికలను ఏర్పరచుట నా పని. ఆరుగురు బాలికలను ఎన్నుకొనెడివాడను. ఏ లక్షణము చూచి యెన్నుకొంటినో నన్నెవ్వరు నడుగలేదు. నన్ను నేనును అడుగుకొనలేదు. ‘చూడచక్కని పిల్లలు’ అని మాత్రము అనుకొనెడివాడను. ఆ సమారంభముల ఛాయాచిత్రములు నా బీరువాలో నున్నవి. మరునాడు తీసి చూచితిని. ముందు వరుసలో ఆరుగురు. ప్రతి సంవత్సరమును తెల్లనివారే. నల్లని బాలికలు వెనుక, స్తంభము ప్రక్కన, పళ్ళెములు అందించుచు కనబడిరి. వారిలో ఒకరిద్దరు తరగతిలో మొదటివారని నాకు జ్ఞాపకము. ఆ బాలికలు ఆనాటి సాయంకాలము ఇండ్లకు పోయి అద్దములో ఏమి చూచుకొనిరో! అప్పటికి ఫోనులు లేవు. ఏ పసుపో, శనగపిండియో, నిమ్మరసమో రుద్దుకొనియుందురు.

ఈ చిత్రములను మనుమరాలికి చూపవలెనా వద్దాయని ఒక దినమంతయు తర్కించుకొంటిని. చివరకు చూపితిని. ఆమె చాలసేపు చూచి, స్తంభము ప్రక్కనున్న బాలికపై వ్రేలుంచి, “ఈమె పేరేంది తాతా?” యని అడిగెను. ఆ పేరు నాకు జ్ఞప్తికి రాలేదు. ముందు వరుసలోని ఆరుగురి పేర్లును వరుసగా చెప్పగలిగితిని. ఆమె మరేమియు అనలేదు. నాకు ఇంతకంటె పెద్ద శిక్ష యెవ్వరు విధింపగలరు?

మంచునీటి పరీక్షను ఆమె పదునాలుగు దినములు పూర్తిచేసెను. సగములో మానినచో లెక్క చెడునని ఆమె వాదము. వైద్యుడు పెట్టిన హద్దులో, మంచుగడ్డలు మానిపించి, కూజా నీటితో ఐదారు లెక్కించునంతసేపు ముంచుటకు నేనును ఒప్పుకొంటిని. కడపటి పుటలో ఆమె వ్రాసిన ఫలితమును మార్పు లేక ఇచ్చట ఇచ్చుచున్నాను. “నిద్ర పోతది. కండ్ల కింద ఉబ్బు అరగంట తగ్గుతది. మొటిమలు రెండు పోయినయి, మూడు కొత్తవి వచ్చినయి. రంగు అట్లనే ఉన్నది.” శాస్త్రజ్ఞులు గూడ తాము కోరని ఫలితమును ఇంత సూటిగా వ్రాయుటకు కొంత ధైర్యము కావలెను.

వార్షికోత్సవమునకు మూడు దినముల ముందు ఆమె తానే పోయి ఉపాధ్యాయినిని అడిగినదట. రాణి వేషము కొరకు కాదు. అది మరియొక బాలిక కష్టపడి నేర్చుకొనుచున్నది గదా యని ఆమెయే నాతో అనెను. కథ చదువునది తెరవెనుక నుండి గాక, తెర ముందు ఒక మూల నిలిచి చదువుదునని కోరినది. ఉపాధ్యాయిని ఒక క్షణము ఆలోచించి, “సరే, నిలబడు. దీపం నీ మీద పడేటట్టు పెట్టిస్తాను” అనెనట. అడుగువారు లేకనే ఎన్ని తలుపులు మూసియున్నవో ఏమో.

ఆ రాత్రి నేను వెనుక వరుసలో కూర్చుంటిని. దీపముల వేడికి ఆమె ముఖమున చెమట ధారకట్టి మెరయుచుండెను. ఒకచోట వాక్యము తప్పి, ఆగి, ఊపిరి తీసికొని, మొదటినుండి మరల చదివెను. సభలో ఎవరో ఈల వేసిరి. ఆమె ఆగలేదు. చందుపట్ల వరకు కథ చదివి, కాగితము మడిచి, తెర ప్రక్కకు తప్పుకొనెను.

ఇంటికి వచ్చునప్పటికి పది దాటినది. పెరటి కొళాయి వద్ద రెండు దోసిళ్ళ నీటితో ముఖము కడుగుకొని, కొంగుతో తుడువబోయిన నానమ్మ చేయి తప్పించుకొని, “ఆకలైతుంది” అనెను. వంటయింటిలో స్టీలు గిన్నె మూతపెట్టి యుండెను. మూత తీసి చూచితిని. మరునాటి దోసెలకు మినపపప్పు నానుచుండెను.